క్రియాటినిన్ చీటీలో కనిపించని గుండె

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో 'క్రియాటినిన్' అనే మాట బడి మెట్లెక్కని వాళ్లకు కూడా తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఒక మనిషి రోగి అవునో కాదో తేల్చేది ఆ సంఖ్యే. ఆంధ్రప్రదేశ్ పింఛన్ల జాబితాలో డయాలసిస్ మొదలుకాని కిడ్నీ రోగులకు కొన్ని గీతలున్నాయి. సీరం క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటాలి, లేదా కిడ్నీల వడపోత అంచనా 15 కంటే తగ్గాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోయి ఉండాలి. గీతకు ఇవతల ఉన్నవాళ్లకు జబ్బు లేదని ఎవరూ అనరు. కానీ రాజ్యం లెక్కలోకి వాళ్లింకా రాలేదు.

ఈ గీతకు ఇవతల ఉన్న మనుషుల గుండె సంగతి ఎవరు చూస్తున్నారన్నది నా ప్రశ్న. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బును మనం డయాలసిస్‌కు తీసుకెళ్లే దారిగా మాత్రమే చూస్తున్నాం. ఆ దారి మధ్యలోనే గుండె ఆగిపోయే ప్రమాదం ఉందని వైద్యశాస్త్రం ఇరవై ఏళ్లుగా చెబుతోంది. ఆ ప్రమాదాన్ని సూచించే కొన్ని రక్త ఎంజైములు ప్రభుత్వ ల్యాబుల్లో రోజూ కొలుస్తున్నవే. వాటిని కిడ్నీ రోగి గుండెతో కలిపి చదవడం లేదు. చదివినప్పుడు కూడా, ఎవరి ఒంటిని కొలమానంగా పెట్టుకుని చదువుతున్నారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అది వైద్య ప్రశ్న ఎంతో కుల ప్రశ్న కూడా అంతే.

డయాలసిస్ కంటే ముందే

2004లో అమెరికాలో దాదాపు 28 వేల మంది కిడ్నీ రోగుల రికార్డులతో ఒక అధ్యయనం వచ్చింది. జబ్బు మూడో దశలో ఉన్నవారిని ఐదేళ్లు గమనిస్తే, డయాలసిస్ లేదా కిడ్నీ మార్పిడి దాకా వెళ్లినవారు 1.3 శాతం. అదే ఐదేళ్లలో చనిపోయినవారు 24.3 శాతం. అదే ఏడాది కాలిఫోర్నియాలో 11 లక్షల మందికి పైగా పెద్దల రికార్డులను పరిశీలించిన మరో అధ్యయనం, కిడ్నీ వడపోత తగ్గుతున్న కొద్దీ గుండె, రక్తనాళాల జబ్బులూ మరణాలూ మెట్టుమెట్టుగా పెరుగుతాయని చూపింది. డయాలసిస్ మీద ఉన్న ముప్పయ్యేళ్ల యువకుడికి గుండె జబ్బుతో చనిపోయే ముప్పు, మామూలు జనంలో డెబ్భై అయిదు దాటిన వృద్ధుడికి ఉన్నంత ఉంటుందని 1998 నుంచే తెలుసు.

కారణాలు కూడా తెలిసినవే. కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరుగుతుంది. ఒంట్లో నీరు నిలుస్తుంది. కొత్త రక్తం తయారు చేయించే హార్మోన్ తగ్గి రక్తహీనత వస్తుంది. ఫాస్ఫరస్ పేరుకుని రక్తనాళాల గోడల్లో సున్నం చేరుతుంది. ఇవన్నీ చివరికి గుండె మీదే పడతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 57 శాతం మహిళలు రక్తహీనతతో ఉన్నారు, ఆదివాసీ మహిళల్లో ఇంకా ఎక్కువ. అంటే కిడ్నీ జబ్బు రాకముందే సగం భారం మోస్తున్న గుండెలివి. జబ్బు వచ్చాక రెండో భారం కూడా వాటి మీదే పడుతుంది.

చీటీలో ఉన్న సమాచారం

లివర్ పరీక్ష చీటీలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే వరస ఒకటి ఉంటుంది. ఈ ఎంజైము కాలేయంలోనూ ఎముకల్లోనూ తయారవుతుంది. మన రక్తంలో పైరోఫాస్ఫేట్ అనే పదార్థం రక్తనాళాల్లో సున్నం గట్టిపడకుండా కాపలా కాస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఆ పైరోఫాస్ఫేట్‌ను విడగొడుతుంది. కిడ్నీ జబ్బులో ఎముకల వ్యవస్థ దెబ్బతిని ఈ ఎంజైము పెరిగితే ఆ కాపలా పలచబడుతుంది. రక్తనాళాలు బిరుసెక్కుతాయి. బిరుసెక్కిన గొట్టాల్లోకి రక్తాన్ని తోసీ తోసీ గుండె గోడలు మందమవుతాయి.

2008లో అమెరికాలో 73 వేల మందికి పైగా డయాలసిస్ రోగుల మీద వచ్చిన విశ్లేషణలో, ఈ ఎంజైము 120 యూనిట్లు దాటినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. 2009లో వచ్చిన మరో విశ్లేషణ, ఇంకా డయాలసిస్ దాకా వెళ్లని ఆఫ్రికన్ అమెరికన్ కిడ్నీ రోగుల్లోనూ ఈ ఎంజైము పెరుగుదలకూ మరణాలకూ సంబంధం ఉందని చూపింది. ఇది సంబంధమే తప్ప, ఎంజైమును తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందన్న రుజువు కాదు. కాలేయం జబ్బు ఉన్నా, ఎముక విరిగినా ఇది పెరుగుతుంది. ఒక్క సంఖ్యతో ఎవరి ఆయుష్షూ తేలదు. కానీ దీన్ని చూసి ఫాస్ఫరస్, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఈసీజీ, వీలైతే ఎకో చూడాల్సిన మనిషి ఎవరో గుర్తుపట్టవచ్చు. లివర్ పరీక్ష కింద ఇప్పటికే కొలిచి చీటీ మీద వేసిన అంకెకు అదనంగా అయ్యే ఖర్చు ఏమీ లేదు.

గామా జీటీ అనే మరో ఎంజైము సంగతి చూద్దాం. ఇది పెరగడానికీ హృద్రోగ ముప్పుకూ సంబంధం ఉందని, కిడ్నీ రోగుల్లో కూడా ఉందని అధ్యయనాలున్నాయి. అయితే ఈ ఎంజైము మద్యం తాగినా పెరుగుతుంది. దళితవాడ నుంచో, మత్స్యకార పల్లె నుంచో వచ్చిన మగమనిషి చీటీలో ఇది ఎక్కువగా ఉంటే, వైద్యుడి నోట మొదట వచ్చే ప్రశ్న తాగుడు గురించే అవుతుంది. అడగడం తప్పు కాదు. ఆ జవాబుతోనే ఫైలు మూసేయడం తప్పు. గుండె గురించి చెబుతున్న సూచన కాస్తా నడవడిక మీద తీర్పుగా మారిపోతుంది. కులం ఆసుపత్రిలోకి వచ్చేది వేరే గ్లాసు రూపంలోనే కాదు. ఒకే అంకెను ఇద్దరు మనుషులకు రెండు రకాలుగా చదవడంలో కూడా వస్తుంది.

శ్రమించే ఒంటిని తప్పుగా చదవడం

గునపం పట్టేవాళ్లు, కొబ్బరి చెట్టెక్కేవాళ్లు, వలలు లాగేవాళ్లు, జీడిపిక్కల బస్తాలు మోసేవాళ్లు రక్తపరీక్షకు వస్తే వాళ్ల కండరాలు కూడా చీటీలో కనిపిస్తాయి. బరువైన పని చేసిన తర్వాత క్రియాటిన్ కైనేజ్, ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అనే ఎంజైములు పెరుగుతాయి. ఒకప్పుడు గుండెపోటును పట్టుకోవడానికి ఇవే ఆధారం. ఇప్పుడు వాటి స్థానంలో ట్రోపోనిన్ వచ్చింది. అది ఎంజైము కాదు, గుండె కండరంలోని ప్రొటీన్. చిక్కేమిటంటే, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవారిలో గుండెపోటు లేకపోయినా ట్రోపోనిన్ కొంత పెరిగే ఉంటుంది.

ఛాతీ నొప్పితో వచ్చిన కిడ్నీ రోగి, అందులోనూ కూలి పని చేసే మనిషి అయితే, రెండు వైపులా నష్టపోతాడు. కైనేజ్ పెరిగితే 'పని వల్ల' అంటారు. ట్రోపోనిన్ పెరిగితే 'కిడ్నీ వల్ల' అంటారు. రెండూ నిజం కావచ్చు, రెంటి వెనుకా గుండెపోటు ఉండవచ్చు. దీన్ని తేల్చే పద్ధతి 2018 నాటి అంతర్జాతీయ నిర్వచనంలో స్పష్టంగా ఉంది. కొన్ని గంటల తేడాతో మళ్లీ పరీక్ష చేసి ట్రోపోనిన్ పెరుగుతోందా, తగ్గుతోందా, నిలకడగా ఉందా చూడాలి. దానికి రాత్రిపూట కూడా పనిచేసే ల్యాబు కావాలి, ఈసీజీ చదవగల మనిషి కావాలి, పెద్దాసుపత్రికి చేర్చే వాహనం కావాలి. అవి లేనిచోట ఆ నిర్వచనం పుస్తకంలోనే ఉండిపోతుంది. ఇంకో మాట, స్థిరంగా ఎక్కువగా ఉన్న ట్రోపోనిన్ కూడా నిర్లక్ష్యం చేయదగింది కాదు. రాబోయే ఏళ్లలో ముప్పు ఎవరికి ఎక్కువో అది చెబుతుంది.

డయాలసిస్ రోగుల్లో దీనికి తిరగబడిన సమస్య ఉంది. వాళ్లలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ మామూలు కంటే తక్కువగా ఉంటాయి. అందువల్ల కాలేయం దెబ్బతింటున్నా చీటీలో 'నార్మల్' అని పడుతుంది. ఆరోగ్యవంతుల కోసం వేసిన హద్దులను వీళ్లకు యథాతథంగా వర్తింపజేస్తే జబ్బు దాక్కుంటుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు క్రియాటినిన్‌తోనే జరుగుతోంది. క్రియాటినిన్ పుట్టేది కండరంలో. కండ తక్కువగా ఉన్న మనిషిలో, పప్పూ గుడ్డూ మాంసమూ అరుదుగా దొరికే మనిషిలో, అది తక్కువగా తయారవుతుంది. కిడ్నీలు ఎంత దెబ్బతిన్నా సంఖ్య ఆలస్యంగా పెరుగుతుంది. 2018లో చండీగఢ్ పీజీఐ పరిశోధకులు పాల్గొన్న అధ్యయనం, ఇప్పుడు వాడుకలో ఉన్న క్రియాటినిన్ సమీకరణాలు భారతీయుల్లో కిడ్నీ సామర్థ్యాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతున్నాయని తేల్చింది. అయితే భారతీయులందరి కండా ఒకటి కాదు. తరాలుగా భూమి లేని ఇంట్లో, అర్ధాకలితో పెరిగిన వ్యవసాయ కూలీ మహిళకూ, నగరంలో ఉద్యోగం చేసే అగ్రకుల పురుషుడికీ ఒకే సమీకరణం వాడితే ఎక్కువ మోసపోయేది ఎవరో చెప్పనక్కరలేదు. పింఛను గీత 5 దగ్గర ఉంటే, ఆకలితో ఉన్న ఒళ్లు ఆ గీతకు చేరేసరికి ఎక్కువ జబ్బు పడి ఉంటుంది. ఆకలికి పడిన శిక్ష మీద ఇది రెండో శిక్ష.

గుణకంగా జాతి, లెక్కగా జాతి

కిడ్నీ సమీకరణం వెనుక ఎవరి ఒళ్లు ఉందన్న ప్రశ్నను రాజకీయ ప్రశ్నగా మార్చింది అమెరికా నల్లజాతి రోగులూ వైద్య విద్యార్థులూ. 2009 నాటి సమీకరణంలో రోగి నల్లజాతి అయితే వచ్చిన ఫలితాన్ని 1.159తో హెచ్చవేసేవారు. నల్లవారి ఒంట్లో కండ ఎక్కువ అన్న ఊహను దానికి సమర్థనగా చూపేవారు. ఫలితంగా అదే వయసు, అదే క్రియాటినిన్ ఉన్న ఇద్దరిలో నల్లజాతి రోగి కిడ్నీలు కాగితం మీద దాదాపు 16 శాతం మెరుగ్గా కనిపించేవి. అక్కడ కిడ్నీ మార్పిడి వరుసలో చేరడానికి గీత 20 దగ్గర ఉంది. ఆ గీతకు నల్లజాతి రోగి ఆలస్యంగా చేరేవాడు, వరుసలో వెనక నిలబడేవాడు. ఏళ్ల తరబడి సాగిన ఒత్తిడి వల్ల 2021లో జాతి గుణకం లేని సమీకరణం వచ్చింది. 2023 జనవరి నుంచి, పోయిన నిరీక్షణ కాలాన్ని నల్లజాతి రోగులకు తిరిగి కలపాలని ఆసుపత్రులకు ఆదేశాలు వెళ్లాయి. 2023లోనే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తెచ్చిన కొత్త గుండె ముప్పు సమీకరణం జాతిని తీసేసి, కిడ్నీ సామర్థ్యాన్ని చేర్చింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ గురించి పైన చెప్పిన 2009 విశ్లేషణకు ఆధారం 1,094 మంది ఆఫ్రికన్ అమెరికన్లతో జరిగిన ప్రయోగం. నల్లజాతిలో బీపీ వల్ల కిడ్నీలు ఎక్కువగా చెడిపోతున్నాయన్న వాస్తవాన్ని గుర్తించి, వాళ్ల కోసమే చేసిన ప్రయోగం అది. బీపీ మందుల్లో ఏది కిడ్నీని బాగా కాపాడుతుందో ఆ ప్రయోగం నుంచి ప్రపంచమంతా నేర్చుకుంది. ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. జాతిని శరీర గుణంగా భావించి సమీకరణంలో ఇరికించినప్పుడు అది పీడితులకే కీడు చేసింది. అదే జాతిని సామాజిక స్థితిగా గుర్తించి, ఆ ప్రజలను పేరుపెట్టి లెక్కించినప్పుడు జ్ఞానం పుట్టింది.

కులం విషయంలో మనకు కావాల్సిన పాఠం ఇదే. కులానికి పునాది రక్తంలోనో జాతిలోనో ఉందన్న వాదాన్ని బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తోసిపుచ్చారు. కాబట్టి దళితుల ఎంజైములు వేరు, ఆదివాసీల గుండె వేరు అని ఎవరైనా పరిశోధన పేరుతో వస్తే వాళ్లను గుమ్మంలోనే ఆపాలి. కానీ ఎవరు ఎంత ఎండలో పనిచేస్తున్నారు, ఏ నీళ్లు తాగుతున్నారు, ఏం తింటున్నారు, ఎంత ఆలస్యంగా ఆసుపత్రికి చేరుతున్నారు అన్నవి కులంతో ముడిపడిన వాస్తవాలు. 'అందరూ రోగులే' అన్న మాట వెనుక వాటిని దాచడం కూడా కులతత్వమే. కులం సమీకరణంలో ఉండకూడదు, రిజిస్టరులో ఉండాలి.

ఉద్దానం ఒక్కటే కాదు

గత దశాబ్దంలో జరిగిన సర్వేలు ఉద్దానంలో దాదాపు ప్రతి ఐదుగురు పెద్దల్లో ఒకరికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు చూపాయి. వాళ్లలో చాలామందికి షుగర్ చరిత్ర లేదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలోని తండాల్లో, ఛత్తీస్‌గఢ్ గరియాబంద్ జిల్లా సుపేబేడా గ్రామంలో, సరిహద్దు దాటితే శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతుల్లో, ఇంకా దూరంగా నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే కనిపిస్తోంది. దేశాలు వేరైనా ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లే ఎక్కువగా దీని బారిన పడుతున్నారు.

గుండె ముప్పు లెక్కలు మాత్రం వేరే మనుషుల నుంచి వచ్చాయి. పైన చెప్పిన 2004 అధ్యయనాలు రెండూ బీమా ఉన్న అమెరికన్లవి. ఉద్దానం రోగి సాధారణంగా వాళ్లకంటే చిన్నవాడు, సన్ననివాడు, షుగర్ లేనివాడు, రోజుకూలి మీద బతికేవాడు. అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాల ప్రకారం కిడ్నీ వడపోత 60 కంటే తగ్గి, వయసు 50 దాటినవారికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఇవ్వాలి. 50 లోపు వారికి షుగరో, ఇంతకుముందు గుండె జబ్బో పక్షవాతమో లేకపోతే, పదేళ్ల ముప్పు అంచనా ఒక హద్దు దాటాలి. నలభై ఏళ్ల తోట కూలీకి ఆ ముప్పును లెక్కగట్టేది ఎక్కడో ఎవరి ఒళ్ల మీదో తయారైన స్కోరు. ఆ మాత్ర ఖరీదు తక్కువే. తొమ్మిది వేల మందికి పైగా కిడ్నీ రోగులతో జరిగి 2011లో వెలువడిన ప్రయోగంలో, స్టాటిన్‌తో కూడిన చికిత్స రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చే పెద్ద ప్రమాదాలను 17 శాతం తగ్గించింది. చవకైన మాత్రకూ మనిషికీ మధ్య నిలబడుతున్నది ఆ మనిషిని ఎరగని ఒక స్కోరు.

డబ్బు వాదన

డయాలసిస్‌కే చాలని డబ్బు గుండె పరీక్షలకు ఎక్కడిది అని అడిగేవాళ్లున్నారు. ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016లో వచ్చింది. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరుచుకున్నాయి. ఉద్దానానికి మంచినీటి పథకం వచ్చింది. ఇవేవీ దయాదానాలు కావు, జనం ఏళ్ల తరబడి అడిగి తెచ్చుకున్నవి. అయితే వీటిలో పెద్ద భాగం జబ్బు చివరి మెట్టు మీద పెట్టిన ఖర్చు. నేను మాట్లాడుతున్నది మొదటి మెట్ల గురించి. బీపీ మాత్ర, రక్తహీనతకు చికిత్స, స్టాటిన్, మూడు నెలలకోసారి ఒక రక్తపరీక్ష, ఏడాదికోసారి ఈసీజీ. ఒక్క మనిషిని వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కుర్చీలో కూర్చోబెట్టే ఖర్చు ముందు ఇవి లెక్కలోకి రావు.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. చికిత్స అందనిచోట పరీక్షలు పెంచితే భయం తప్ప ఏం పెరుగుతుంది? నిజమే. సంఖ్య చెప్పి మనిషిని ఇంటికి పంపేయడం ఉద్దానం ఇప్పటికే చూసింది. రక్తం తీసుకెళ్లి ఫలితం చెప్పని సర్వేల మీద ప్రజలకు విసుగు పుట్టడం న్యాయమే. అందుకే పరీక్షనూ మందునూ విడదీయకూడదు. ఫలితం రోగి భాషలో, రోగి చేతికి రావాలి. ఏ అంకెకు ఏ చర్య అన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద రాసి ఉండాలి.

ఏం అడగాలి

మొదటిది, గుర్తించిన కిడ్నీ రోగులందరికీ క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ఆల్బుమిన్, హిమోగ్లోబిన్, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఈసీజీ ఒకే చీటీలో రావాలి. రెండోది, పింఛనుకూ చికిత్సకూ గీతలు గీసేటప్పుడు క్రియాటినిన్ ఒక్కదాన్నే నమ్మకూడదు. కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి పరీక్షను కనీసం జిల్లా ఆసుపత్రి స్థాయిలో అందుబాటులోకి తేవాలి. గుండె దెబ్బతిన్న కిడ్నీ రోగికి ఆ గీతతో పని లేకుండా పింఛను ఇవ్వాలి. మూడోది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ కొలిచింది కానీ ఐదో విడత వరకూ క్రియాటినిన్ కొలవలేదు. కులం అడుగుతున్న ఆ సర్వేలో కిడ్నీని కూడా చేరిస్తే ఎవరి కిడ్నీలు పోతున్నాయో దేశానికి తెలుస్తుంది. నాలుగోది, కిడ్నీ రోగి చనిపోతే మరణ కారణం దగ్గర 'కిడ్నీ జబ్బు' అని రాసి వదిలేయకుండా, గుండె సంగతి కూడా నమోదు చేయాలి.

ఐదోది మన విశ్వవిద్యాలయాలకూ వైద్య కళాశాలలకూ సంబంధించింది. అమెరికాలో జాతి గుణకాన్ని ప్రశ్నించిన వాళ్లలో విద్యార్థులున్నారు. రిజర్వేషన్ ద్వారా వైద్య విద్యలోకి వెళ్లిన దళిత, ఆదివాసీ, బహుజన విద్యార్థులకు తమ ఊళ్ల ఒళ్లు ఎలా ఉంటాయో తెలుసు. తమ తల్లిదండ్రుల చీటీలో 'నార్మల్' అన్న మాట ఎప్పుడు అబద్ధమో వాళ్లు గుర్తుపట్టగలరు. ఉద్దానంలో, తండాల్లో ఏళ్ల తరబడి రోగులతో కలిసి నడిచే పరిశోధన వాళ్ల చేతుల మీదుగా రావాలి. అందులో గుండె కొలవాలి, పని గంటలు కొలవాలి, కంచంలో తిండి కొలవాలి. దత్తాంశం ఢిల్లీకీ విదేశీ పత్రికలకూ పోయే ముందు ఆ ఊరి గ్రామసభకు చెప్పాలి.

1949 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన హెచ్చరిక మనకు తెలుసు. రాజకీయాల్లో ఒక మనిషికి ఒకే విలువ వచ్చినా, సామాజిక, ఆర్థిక జీవితంలో ఆ విలువ రాకపోతే ప్రజాస్వామ్యమే ప్రమాదంలో పడుతుందన్నారు. ఓటరు జాబితాలో ఉద్దానం కూలీకీ హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి యజమానికీ ఒకే విలువ ఉంది. రక్తపరీక్ష చీటీ దగ్గరికి వచ్చేసరికి ఆ విలువ సమానంగా లేదు. క్రియాటినిన్ 5 దాటేదాకా ఆగమని చెబుతున్న రాజ్యాన్ని, ఆలోపు ఆ మనిషి గుండెకు ఎవరు పూచీ అని మనం అడగాలి.